కంటికి తెలుగు, యంత్రమునకు శూన్యము

తెలంగాణమున కవులు పూజ్యమని యొకరు వ్రాసిన మాటకు గోలకొండ పత్రికా సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు కోపముతో బదులు చెప్పలేదు, లెక్కతో చెప్పిరి. 1934లో వారు వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 కవులు వరుసగా నిలిచి ఆ మాట యబద్ధమని చాటిరి. పల్లెపల్లెనుండి వచ్చిన వ్రాతను మనుష్యుడు కంటితో చదువగలిగెను గనుక ఆ లెక్క సాధ్యమయ్యెను. నేడు లెక్కించునది యంత్రము. అది వెదకి చూచి మన వ్రాతలు పూజ్యమని చెప్పినచో, ఈ మారు తప్పు మనలను నిందించినవానిది కాదు, మనదే యగును.

ఇది యతిశయోక్తి యని తలచు పాఠకులు తామే పరీక్షించి చూతురు గాక. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో డీ.టీ.పీ. కంపోజింగుతో వెలువడిన యొక కరపత్రమునో, సంచికనో, ప్రకటననో పీ.డీ.ఎఫ్. రూపమున సంపాదింపుడు. అందు కనబడుచున్న పాలకుర్తి, కురవి, కాళేశ్వరము వంటి యొక యూరిపేరును కంప్యూటరుచే వెదకింపుడు. పేరు కన్నులయెదుట నుండగనే లేదని యంత్రము చెప్పుట పలుమారులు చూతురు. అందలి వాక్యము నొకదానిని కాపీ చేసి యొక యుత్తరములో నతికింపుడు. తెలుగునకు మారుగా ఇంగ్లీషు అక్షరములును అర్థములేని గుర్తులును రాలిపడును. పత్రములన్నియు నిట్టివే యని మేమనము. ఇట్టివి యింకను పుట్టుచుండుటయే మా యభియోగము.

కారణ మేమి? తొల్లి ఫాంటులో 256 గదులు మాత్రమే యుండెడివి. అవియు ఇంగ్లీషు అక్షరముల కొరకు, వాని గుర్తుల కొరకు కట్టబడినవి. తెలుగును అచ్చువేయగోరినవారు ఆ గదులలోనే మన తలకట్టులను, కొమ్ములను, వత్తులను ముక్కలుగా జేసి కూర్చుండబెట్టిరి. ఒక్కొక్క కంపెనీవారి వరుస యొక్కొక్క తీరు. కావున తెరపై 'క' యని కనబడునది లోపల ఏదో యింగ్లీషు గుర్తే. చిందు భాగవతమున వేషము వేసినంతసేపు వాడు రాజు. కిరీటము దింపిన వెంటనే మన యూరివాడు. అట్లే ఫాంటు మార్చిన క్షణముననే మన తెలుగు మాయమగును. భాగవతమున అది వినోదము. దస్తావేజులో అది ద్రోహము.

ఆనాడు వేరు గతి లేకుండెనని యొప్పుకొందుము. కాని యూనికోడు మొదటి కూర్పు 1991లోనే వెలువడినది. ప్రపంచ లిపులతోపాటు తెలుగునకును అందు 128 గదుల సొంత యిల్లు లభించినది. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌.పీ.తో గౌతమి ఫాంటు వచ్చినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన ఫాంటులను నిర్మించి యిచ్చిరి. సురవరమువారి పేరనే యొక ఫాంటును సిలికానాంధ్రవారు ఉచితముగ లోకమున కిచ్చిరి. బమ్మెరవాని పేర ఫాంటు పుట్టియున్నను, ఆ బమ్మెర యున్న జనగామ జిల్లాలో ఒక్క తెలుగు కరపత్రమైనను ఇంగ్లీషు గుర్తులతో అచ్చగుట సిగ్గుచేటు కాదా?

పాత యలవాటు పోదని కొంద రందురు. ఎవరికి పాత? ఈ మూడు జిల్లాలును 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. అప్పటికి యూనికోడు వయస్సు 25 సంవత్సరములు. క్రొత్త కార్యాలయము, క్రొత్త బల్ల, క్రొత్త కంప్యూటరు. అందు మాత్రము 2001లో వెలువడిన పేజిమేకరు 7.0ను, దాని నంటియున్న వేషపు టక్షరములను తెచ్చి పెట్టినచో, అది వారసత్వమగునా? కోరి తెచ్చుకొన్న జబ్బు గాదా?

రెండవ రోగ మొకటి గలదు. అది యూనికోడులో వ్రాసినవారినిగూడ విడువదు. 'స్త్రీ' యను మాట యూనికోడు లెక్కలో ఆరు సంకేతముల వరుస: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము. కాగితముపై గుడిదీర్ఘము సకారము తలపై నెక్కును. తవత్తు, రవత్తు క్రిందికి దిగును. పీ.డీ.ఎఫ్. ప్రధానముగా భద్రపరచునది యీ యాకారములను, వాని స్థానములను. ఏ యాకారము ఏ యక్షరమో తెలుపు పట్టికను కూర్పు సాఫ్టువేరు జతపరుపకున్నను, జతపరచియు వరుసను సరిచూడకున్నను, బయటికి తీసినప్పుడు 'సీ' ముందుకు వచ్చి వత్తులు వెనుకబడును. గుంపున కంతకును అసలు పాఠమును జతచేయు నేర్పాటు పీ.డీ.ఎఫ్. ప్రమాణములోనే గలదు. వాడుకొనకపోవుట మన యశ్రద్ధ.

ఇందువలన నష్టపడువా రెవరు? చూపులేని విద్యార్థి మొదటివాడు. వానికి పుస్తకము చదివి వినిపించు సాధనము ఇట్టి పుట యెదుట మూగవోవును, లేదా పిచ్చిమాటలు పలుకును. వందల పుటల జాబితాలో తన పేరు వెదకుకొను రైతు రెండవవాడు. దస్తావేజులను పట్టికలు, సూచికలతో ప్రజల కందునట్లు నుంచవలెనని 2005 నాటి సమాచార హక్కు చట్టము 4వ సెక్షను శాసించుచున్నది. వెదకుటకు వీలులేని పత్రమును పెట్టి, పెట్టితిమిగదా యనుట తాళమువేసిన పెట్టెను దానమిచ్చుట వంటిది. మూడవ నష్టము భాషది. నేడు యంత్రములు లోకములోని వ్రాతలను చదివి భాషలు నేర్చుచున్నవి. మన పలుకుబడి, మన యూళ్ల చరిత్ర వాని కందకున్నచో, తెలుగన్న నేదో యంత్రము చెప్పును. అందు మన ముండము.

పదవ శతాబ్దినాటి కొరవి శాసనము శిలపై తెలుగుననే యున్నది; వేయి సంవత్సరములు గడచినను పండితులు చదువుచున్నారు. ఇరువది సంవత్సరముల క్రిందట మనము కూర్చిన ఫైలు, ఆ ఫాంటు దొరకనిచో, నేడు చదువరాదు. రాతికన్న మన యంత్రమే మొద్దయినదని చెప్పుకొందమా?

డీ.టీ.పీ. పనివారిని మేము దూషింపము. వారు కోరినవారికి కోరినట్లు చేసియిచ్చి పొట్ట పోసికొనువారు. వారి వ్రేళ్ల కలవడిన కీబోర్డు వరుసలతోనే యూనికోడు వ్రాయు సాధనములు గలవు. ఇండిజైను 2012 నాటి కూర్పునుండి తెలుగును సరిగా కూర్చుచున్నది; ధర భారమన్నవారికి జీటెక్ వంటి యుచిత సాధనములున్నవి. అచ్చువేసి, ఫొటో తీసి, మరల యంత్రముచే నూహించి చదివింతుమనుట, కళ్లములోని ధాన్యమును గాలికి వదలి గింజగింజ యేరుకొనుటయే.

కావున మేము కోరునది స్వల్పము. సర్కారు డబ్బుతో అచ్చగు ప్రతి తెలుగు పత్రమునకును యూనికోడు మూలప్రతిని గూడ నొప్పజెప్పవలెనని కాంట్రాక్టులోనే వ్రాయవలెను. పీ.డీ.ఎఫ్.ను పుచ్చుకొనుటకు ముందు ఒక పేరు వెదకి, ఒక వాక్యము కాపీ చేసి చూడవలెను. ఇందుకు రెండు నిమిషములు చాలును. ప్రెస్సులవారు పాత ఫైళ్లను పారవేయక, ఫాంటు పేరుతోసహా భద్రపరచి, మార్పిడి చేయించి, తప్పులు దిద్దవలెను.

సర్కారు కదలునందాక పఠనమందిరములవారు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు ఎవరి యుత్తరువుకొరకును గాచుకొనలేదు. ఈ వారమే మీ మందిరమునకు వచ్చిన పత్రమును పరీక్షింపుడు. తప్పినదానిని పంపినవారికి త్రిప్పి పంపి, తెలుగులో నిండని యడుగుడు. అడుగువాడు లేనిదే యిచ్చువాడు మారడు.