మోటారు సైకిలు పందెములు – జీవిత బీమా

పుత్లీబౌలి, గౌలిగూడ వీధులలోని మోటారు సైకిళ్ల విడిభాగముల అంగళ్లను చూచినవారికి పాతనగర యువజనులకు యంత్రముపై గల మక్కువ యెట్టిదో వేఱుగా చెప్పనక్కఱలేదు. పగలెల్ల పరుల బండ్లను బాగుచేసి, రాత్రి తన బండి యింజనును విప్పి కూర్చుకొను పనివాడును, సెలవు దినములలో వేగమును సాధన చేయు విద్యార్థియు నీ నగరమున క్రొత్తవారు కారు. మలకపేట మైదానమున గుఱ్ఱపు పందెములను తరతరములుగా చూచిన ప్రజకు పందెము వింత గాదు. పందెమును వీధిలో గాక ట్రాకుపైననే నడపవలెనను సద్బుద్ధి గలవారు లైసెన్సు పొంది, మద్రాసు చెంతనున్న ఇరుంగట్టుకోట్టైకో, కోయంబత్తూరునందలి కరి మోటారు స్పీడువేకో పోవలసియుండును. ఇది వారికి జీవనోపాధి గాదు. మనసున కింపైన వినోదము. కాని వారి సంపాదనపై తల్లిదండ్రులో, భార్యాబిడ్డలో ఆధారపడి యున్నప్పుడు వారు జీవిత బీమా కోరి పోయిన నేమగును? ప్రశ్న చిన్నదిగా తోచును. ఒక కుటుంబపు అన్నము దానిపై నాధారపడి యుండవచ్చును.

బీమా ప్రపోజలు ఫారమునందు వయస్సు, వృత్తి, వ్యాధులు, పొగత్రాగుట మొదలగు వానితోడనే, అపాయకరమగు క్రీడలలో పాల్గొనుచున్నారా యను ప్రశ్నయు సాధారణముగా నుండును. మోటారు పందెము, పర్వతారోహణము, పారాగ్లైడింగు మొదలగునవి యీ పద్దులోనివి. ఇచ్చట “ఔను” అని వ్రాసినచో మఱియొక ప్రశ్నావళి రావచ్చును. ఎన్ని సి.సి.ల బండి? ఏటి కెన్ని పోటీలు? ఏ ట్రాకు? లైసెన్సు గలదా? ఇంతకుముందు గాయపడితిరా? పని పెరుగును, ఆలస్యమగును, ప్రీమియము హెచ్చవచ్చును. అందుచే త్వరపడు ఏజెంటు “అది వ్రాయనేల? ఎవరు చూడవచ్చిరి?” అనును. యువకుడును సరే యనును. నాడు మిగిలినవి కొన్ని రూపాయలు. పోగొట్టుకొన్నది యావత్తు పాలసీ కావచ్చునని వారిరువురును తలంపరు.

బీమా యొడంబడిక తక్కిన బేరముల వంటిది గాదు. గుఱ్ఱమును కొనువాడు దాని పండ్లు తానే లెక్కించుకొనగలడు. బీమా సంస్థకు మన బ్రతుకును గూర్చి మనము చెప్పినదే యాధారము. కావుననే 1766లో ఇంగ్లండున కార్టరు – బోహెము వ్యాజ్యెమున లార్డు మాన్స్‌ఫీల్డు, ఒక పక్షమున కొక్కదానికే తెలిసిన ముఖ్య విషయమును ఆ పక్షము దాచరాదని నిర్ణయించెను. నాటి తగవు సుమత్రా దీవిలోని యొక కోటను గూర్చినది. నేటికిని బీమా ధర్మమునకు పునాది యదియే.

మన దేశమున నీ ధర్మమునకు 1938 నాటి బీమా చట్టపు 45వ సెక్షను రూపమిచ్చినది. 2015లో దానిని సవరించిరి. పాలసీ యిచ్చినది, అపాయభారము మొదలైనది, పాలసీని పునరుద్ధరించినది – వీనిలో ఏది కడపటిదో ఆ దినము నుండి మూడేండ్లు గడచినచో, ఏ కారణముచేతను పాలసీని ప్రశ్నింప వీలులేదు. ఆ మూడేండ్లలోపల మాత్రము, మోసము జరిగినదనియో, ఆయుర్దాయమునకు సంబంధించిన ముఖ్య విషయమును దాచిరనియో సంస్థ పాలసీని త్రోసివేయవచ్చును. మోసము గాక కేవలము తప్పుడు వ్రాతయే యైనచో, కట్టిన ప్రీమియమును 90 దినములలో తిరిగి యియ్యవలెను. అపాయముతో నేరుగా సంబంధము లేని పొరపాటును ముఖ్య విషయముగా నెన్నరాదనియు, నిజము తెలిసియున్న పాలసీయే యిచ్చియుండమని నిరూపించు భారము సంస్థదే యనియు చట్టము చెప్పుచున్నది. ఇంతవఱకు బాగుగనే యున్నది.

కాని యీ సెక్షనునందే మఱియొక వాక్యము గలదు. మోసమను ఆరోపణ వచ్చినప్పుడు, పాలసీదారుడు జీవించి యుండనియెడల, అది మోసము కాదని చూపు భారము సొమ్ము పొందవలసిన వారిపై పడును. దీని యర్థమును మన యువజనులు నిదానించి తెలిసికొనవలెను. కుమారుడు వ్రాసిన యొక్క “కాదు”కు సంజాయిషీ చెప్పవలసినది, కుమారుని పోగొట్టుకొన్న తల్లి. అతడు పందెములకు పోవుట యామెకు తెలిసియుండక పోవచ్చును. ఫారమును ఆమె చూచియుండదు. వీధి చివర నున్న ఏజెంటు ఏమని సలహా చెప్పెనో యామె వినలేదు. బీమా బేరమును కుదుర్చువానిని సంస్థకే ప్రతినిధిగా నెంచవలెనని అదే సెక్షను చెప్పుచున్నను, నోటిమాటకు సాక్ష్య మెక్కడ? 2019లో సుప్రీముకోర్టు ఒక వ్యాజ్యెమున, వివరములు తెలుపకయే సంతకము తీసికొనిరను వాదము నంగీకరింపలేదు. అది పందెమును గూర్చినది గాదు, మఱియొక పాలసీని దాచుటను గూర్చినది. అయినను సంతకము చేసినవాడు దానికి బద్ధుడను సూత్రము అందఱికి నొక్కటియే.

ఇంకొక భ్రమయు తొలగవలసియున్నది. బండికి బీమా యున్నది గదా, ప్రమాదపు పాలసీ యున్నది గదా యని ధైర్యపడువారు పెక్కుమంది. మోటారు బీమా పాలసీలో వ్యవస్థీకృతమైన పందెములకును, వేగ పరీక్షలకును బండిని వాడినచో అది వర్తింపదని వ్రాసియుండును. జీవిత పాలసీకి రైడరను పేర చేర్చు ప్రమాదపు హామీయు నట్టిదే. జీవిత బీమా సంస్థవారి ప్రమాద రైడరులో వేట, పర్వతారోహణము, ఏ విధమైన పందెము నైనను మినహాయించిరి. కావున ట్రాకుపై ప్రాణము పోయినచో దిక్కగునది మూల పాలసీ యొక్కటే. దాని ఫారములోనే యబద్ధమాడినచో మిగులున దేమి?

మఱి నిజము చెప్పినవాని గతి యేమి? సంస్థకు నాలుగు దారులు గలవు. సాధారణ ప్రీమియముతోనే అంగీకరించుట, అదనపు ప్రీమియము విధించుట, పందెపు మరణమును మాత్రము మినహాయించి పాలసీ యిచ్చుట, తిరస్కరించుట. అదనమును బీమా మొత్తములో వేయింటి కింతయని కట్టుట వాడుక. ఉదాహరణమునకు, వేయికి 3 రూపాయల చొప్పున విధించిరనుకొందము. 25 లక్షల పాలసీకి ఏటికి 7,500 రూపాయలగును. నెలకు 625. పందెపు టైరుల జతతో పోల్చిన నిది పెద్ద మొత్తము గాదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియముపై జి.ఎస్.టి.ని తొలగించియున్నారు. చక్రములకు వెచ్చింపగలవాడు తల్లికొఱకు వెచ్చింపలేనని చెప్పిన మేము నమ్మజాలము.

పందెము అపాయకరము కాదని మేము వాదించుట లేదు. మాన్ దీవిలోని కొండదారిపై 1911 నుండి 250 మందికి పైగా పోటీదారులు మరణించిరి. మద్రాసు ట్రాకుపై 2023 ఆగస్టున బెంగుళూరునకు చెందిన 13 యేండ్ల బాలుడు పోటీలో పడి ప్రాణములు కోల్పోయెను. సంస్థ భయపడుట సహజమే. అయినను భయమునకును లెక్కకును భేదమున్నది. బీమా వ్యాపారము లెక్కపై నిలుచునది. ఏటికి రెండుమాఱులు శిరస్త్రాణము, తోలు కవచము ధరించి, వైద్యుడును అంబులెన్సును సిద్ధముగానున్న ట్రాకుపై 200 సి.సి. బండి నడపు యువకుడును, మాన్ దీవి కొండదారిపై పరుగెత్తు యోధుడును ఒక్క పద్దులోని వారు కారు. ఇరువురిని “అపాయకర క్రీడ” యను నొక్క సంచిలో వేసి మూతి బిగించుట లెక్క తెలిసినవారి పని గాదు.

ఈ సందర్భమున మన చరిత్రను స్మరింపక తప్పదు. 19వ శతాబ్దమున ఆంగ్లేయ బీమా సంస్థలు భారతీయుల ప్రాణములను తక్కువ రకముగా నెంచి, అదనపు ప్రీమియము గుంజుచుండెడివి. హిందూదేశపువాని యాయువు అపాయకరమని వారి నమ్మకము. 1870లో స్థాపితమైన బొంబాయి మ్యూచువల్ సంఘము భారతీయులకు సాధారణ రేటుకే పాలసీలిచ్చి యీ యన్యాయమునకు మొదటి గండికొట్టెను. ఇచ్చట హైదరాబాదు సంస్థానమున 1907లో ప్రభుత్వోద్యోగుల కుటుంబముల కొఱకు నిధి యేర్పడెను. ఆంధ్రమున డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో 1925లో ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. 1956లో 245 సంస్థలను కలిపి జీవిత బీమా సంస్థను నిర్మించిరి. ఈ యుద్యమము నేర్పిన పాఠ మొక్కటియే: ఒక తెగవారిని ఊహపై తూకము వేయరాదు, అనుభవముపై తూకము వేయవలెను. నాడు మన పెద్దలు తమకు కోరిన న్యాయమునే నేడు పందెగాడు కోరుచున్నాడు. అతని యపాయము నిజమైనదే కావున అదన మియ్యనిండు. ఆ యదనము లెక్కపై నిలిచినదై యుండవలెనని మాత్రమే మా వాదము.

అయితే ఒక్క గీతను స్పష్టముగా గీయవలసియున్నది. లైసెన్సుతో ట్రాకుపై జరుగునది క్రీడ. అర్ధరాత్రి ఆరాంఘరు నుండి జూపార్కు వఱకు 2025 జనవరిలో తెరచిన పైవంతెనపైనను, అట్టి యే రహదారిపైనను స్నేహితులతో పందెము వేయుట నేరము. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 189వ సెక్షను, 2019 సవరణ తరువాత, మొదటి తప్పునకు మూడు మాసముల వఱకు ఖైదును, 5,000 రూపాయల వఱకు జుల్మానాను విధించుచున్నది. 2011 సెప్టెంబరున అవుటరు రింగు రోడ్డుపై ఈ నగరపు ప్రఖ్యాత క్రికెట్ క్రీడాకారుని కుమారుడు, 19 యేండ్లవాడు, వేయి సి.సి. బండి ప్రమాదమున మరణించెను. అది పందెము కాకున్నను, రహదారి ట్రాకు గాదని ఆ దుఃఖము నగరమునకు నేర్పియుండవలసినది. 2025 జులైలో సుప్రీముకోర్టు, స్వయముగా అజాగ్రత్తతో బండి నడపి మరణించినవాని కుటుంబమునకు మోటారు బీమా సంస్థ నష్టపరిహార మియ్యనక్కఱలేదన్న కర్ణాటక హైకోర్టు తీర్పులో జోక్యము చేసికొన నిరాకరించినది. వీధి పందెగానికి రాయితీ యిమ్మని మేము ఎన్నడును కోరము. కాని ట్రాకునకు పోవువానిని, వీధిలో చెలరేగువానిని ఒక్క తీరుగా చూచినచో, ట్రాకునకు పోవుటకు గల ప్రోత్సాహ మేమి?

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయము మన హైదరాబాదునందే యున్నది. చార్మినారునుండి ఒక్క ప్రయాణపు దూరము. దానికి మా విన్నపములు నాలుగు. మొదటిది: క్రీడలను గూర్చిన ప్రశ్నను ప్రతి సంస్థయు విడమరచి యడుగునట్లు చేయవలెను, పోటీ, శిక్షణము, విహారము వేఱువేఱు ప్రశ్నలు గావలెను. రెండవది: బీమా ఫారములను రాజ్యాంగము గుర్తించిన భాషలలో నుంచవచ్చునని 2002 నాటి నిబంధనలే చెప్పినవి, “వచ్చును” అన్న మాటను “వలెను”గా మార్చవలెను. తెలుగును, ఉర్దూను చదువుకొన్న పాతనగరవాసి తనకు రాని భాషలో సంతకము పెట్టి, తన తల్లిని దానికి బాధ్యురాలిని చేయుట న్యాయము గాదు. మూడవది: తిరస్కరించినను, అదనము విధించినను, కారణమును లిఖితముగా తెలుపవలెను, పందెములు మానినవాడు కోరినచో అదనమును తొలగించు మార్గము పాలసీలోనే యుండవలెను. నాలుగవది: మోటారు క్రీడల సమాఖ్య లైసెన్సుల లెక్కలను, సంస్థల క్లెయిముల లెక్కలను కలిపి, మన దేశపు అనుభవ పట్టికను తయారు చేయింపవలెను.

యువజనులకును ఒక మాట. ఫారమును మీరే నింపుడు. ఏజెంటు నింపినచో ప్రతి పంక్తియు చదివించుకొని సంతకము చేయుడు. పందెమును గూర్చి ఉన్నదున్నట్లు వ్రాయుడు. ఒక సంస్థ కాదన్నచో మఱియొక దానికి పొండు. అన్నిటి కొలతయు నొకటి గాదు. ప్రపోజలు నకలును అడిగి తీసికొని పాలసీతో కూడ ఇంటిలో పెట్టి, నామినీకి చూపుడు. పాలసీ వచ్చిన పిదప నచ్చనిచో 30 దినములలో త్రిప్పి పంపవచ్చును. పాలసీ తీసికొన్న తరువాత పందెములు మొదలిడినవారు దాని షరతులను మరల చదువుకొనవలెను. పాలసీ చెడి పునరుద్ధరించుకొనునప్పుడు క్రొత్త వాఙ్మూల మియ్యవలెను గావున, అచ్చటను నిజమే చెప్పవలెను. అన్యాయము జరిగినదని తోచినచో, ముందుగా సంస్థకు వ్రాసి, పిమ్మట హైదరాబాదులోనే యున్న బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు ఫీజు లేకయే ఫిర్యాదు చేసికొనవచ్చును.

సాహసము యౌవనమునకు సహజము. దానిని నిషేధించి నెగ్గిన జాతి లేదు. దానిని క్రమములో పెట్టిన జాతులే ప్రబలినవి. సాహసికి శిరస్త్రాణ మెట్టిదో, అతని యింటికి బీమా యట్టిది. నిజము చెప్పినవానికి న్యాయమైన వెల చెప్పుడని సంస్థలను కోరుచున్నాము. వెలకు జంకి నిజమును దాచకుడని యువజనులను హెచ్చరించుచున్నాము. ఈ రెండును జరిగిననాడే పందెగాడు నిశ్చింతగా ట్రాకు నెక్కును. ఇంట నున్నవారును నిశ్చింతగా నిద్రింతురు.