ఊతగుంజ ఊరికి దూరమైతే

వ్యాధులలో కొన్ని సుఖసాధ్యాలు, కొన్ని కష్టసాధ్యాలు, కొన్ని యాప్యాలు, కొన్ని అసాధ్యాలు అని మన పూర్వాచార్యులు విభజించారు. వీటిలో యాప్యమనే మాట నేటి పాఠకులకు అంతగా పరిచితం కాదు. యాప్యవ్యాధి పూర్తిగా నయం కాదు. చికిత్స సాగినంత కాలం రోగి నిలబడతాడు, చికిత్స ఆగిన నాడు కూలిపోతాడు. ఒరిగిపోతున్న ఇంటికి ఆనించిన ఊతగుంజతో సుశ్రుతుడు ఈ చికిత్సను పోల్చాడు. గురుకులంలో ఈ పాఠం చదువుకున్నప్పుడు అది నాకు ఒక చక్కని ఉపమానంగా మాత్రమే తోచింది. దాని అసలు బరువు డయాలసిస్ రోగులను చూచిన తరువాతనే బోధపడింది.

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు వారానికి 168 గంటలూ విరామం లేక రక్తాన్ని శుద్ధి చేస్తాయి. అవి పూర్తిగా చెడిన వానికి యంత్రం చేయగలిగినది సాధారణంగా వారానికి మూడుమార్లు, మారుకు నాలుగు గంటలు, మొత్తం 12 గంటల పని. మిగిలిన 156 గంటలలో నీరు, పొటాషియం, ఇతర మలినాలు దేహంలోనే పేరుకొంటాయి. ఒక్క పూట తప్పితే కాళ్లవాపు, ఆయాసం. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పి, హఠాత్తుగా ఆగిపోనూ వచ్చు. వారంలో వచ్చే రెండు రోజుల విరామం ముగిసే నాటికే మరణాలు, గుండెజబ్బులు హెచ్చుగా కనబడుతున్నాయని 2011లో అమెరికాలో ప్రచురితమైన పెద్ద పరిశీలన చెప్పింది. రెండు రోజుల ఎడమే అంతటిదైతే, బస్సు దొరకక నాలుగు రోజులైన వాని సంగతి ఏమని చెప్పాలి?

చాలని మాట

కొన్ని సంవత్సరాల క్రితం ఏటూరునాగారం వైపు పల్లె నుండి ఒక రైతు భార్యను వెంటబెట్టుకొని నా వైద్యశాలకు వచ్చాడు. వయస్సు యాభై లోపే. ఎడమచేతి మీద ఫిస్టులా కట్టు. ఆయన అడిగినది ఒక్కటే. "అయ్యగారూ, వారానికి మూడుమాట్లు రమ్మంటున్నరు. రెండుమాట్లతోని సరిపోయేటట్టు ఏదన్న కషాయం ఇయ్యుండ్రి."

ఆయన మాట ముగియకముందే భార్య అందుకొన్నది. "ఈయన మిషినుతోని అలసిపోతలేడయ్యా, బస్సుతోని అలసిపోతున్నడు."

ఏటూరునాగారం నుండి హన్మకొండకు నూరు కిలోమీటర్ల పైమాటే. తెల్లవారుజామున లేచి, ఆటోలో పెద్ద రోడ్డుకు చేరి, బస్సు పట్టుకొని, పట్టణంలో తన వంతు కొరకు కూర్చొని, నాలుగు గంటలు యంత్రం మీద ఉండి, రక్తపోటు పడిపోయి తల తిరుగుతుండగా మళ్లీ అదే బస్సులో ఇంటికి చేరేసరికి రాత్రి. ఒక రోజు విశ్రాంతి, మరునాడు మళ్లీ ప్రయాణం. ఇద్దరి కూలీ పోయింది, పొలం కౌలుకు పోయింది.

నేను ఆయనతో, "నాయనా, ఆ మూడవ పూటకు బదులు నిలిచే మందు నా వద్ద లేదు, ఎవరి వద్దా లేదు. మానవద్దు" అన్నాను. ఆయన తల ఊపి వెళ్లాడు. ఆ వానకాలంలో ఎవరో ఇచ్చిన చూర్ణాన్ని నమ్మి ఆస్పత్రికి వెళ్లుట మానివేశాడు. మూడు వారాల తరువాత భార్య ఒక్కతే వచ్చింది. వాడగా మిగిలిన పొట్లాలను నా బల్ల మీద పెట్టి, "ఇవి ఏం జేయాల్నయ్యా" అని అడిగింది.

నేను చెప్పిన మాట తప్పు కాదు, కాని అది చాలని మాట. మానవద్దని చెప్పాను గాని, ఎట్లా వెళుతున్నావని, రాత్రి ఎక్కడ పడుకుంటావని అడగలేదు. దూరం కూడా వ్యాధిలో భాగమేనని నాకు ఆనాడు తోచలేదు.

దూరమూ ఒక అపథ్యమే

వైద్యుడు, ద్రవ్యం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదాల మీద చికిత్స నిలుస్తుందని చరకుడు చెప్పాడు. ఔషధద్రవ్యానికి ఉండవలసిన గుణాలలో బహుత ఒకటి, అనగా కావలసినంతగా లభించుట. ఎంతటి శ్రేష్ఠమైన ఔషధమైనా రోగి చేతికి అందనప్పుడు అది ఔషధం కాజాలదన్న మాట. డయాలసిస్ యంత్రానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఇది కేవలం నా ఊహ కాదు. అనేక దేశాల డయాలసిస్ రోగులను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, కేంద్రానికి చేరుటకు గంటకు పైగా పట్టేవారిలో మరణాల ముప్పు పావుగంటలోపు చేరేవారికన్నా సుమారు 20 శాతం అధికమని తేలింది. రోగమొక్కటే, యంత్రమొక్కటే. తేడా దారిలో ఉన్నది.

దారి ఎప్పుడూ తెరిచి ఉంటుందనీ లేదు. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామాన్ని ముంచెత్తింది. అటువంటి రోజున డయాలసిస్ వంతు వచ్చిన రోగి వాగు తీసేదాకా ఆగగలడు గాని, ఆయన రక్తంలోని పొటాషియం ఆగదు.

మా వైద్యుల బాధ్యత

దూరంతో విసిగిన రోగి మొదట తలుపు తట్టేది మా వంటి వారి ఇళ్లే. అందుచేత నా సోదరవైద్యులకు ఒక మాట నిష్ఠూరంగా చెప్పక తప్పదు. గలిజేరు, పల్లేరు, కొండపిండి మంచి మూలికలే. తగిన రోగికి, తగిన దశలో మూత్రం జారీ చేయుటకు వీటిని మన పెద్దలు వాడారు. కాని మూత్రపిండం పనియే మానివేసిన తరువాత మూత్రలౌషధం ఎవరిని పని చేయిస్తుంది? పైగా గలిజేరు వంటి మూలికలలో పొటాషియం ఉన్నది. కొబ్బరినీళ్లు చలువ చేస్తాయని ఇంటివారు ప్రేమతో తాగించినా ఇదే ప్రమాదం. సరిగా శోధన చేయని భస్మాలు, ఏమి కలిపారో తెలియని చూర్ణాలు మిగిలిన కాస్త శక్తినీ హరిస్తాయి. మూలిక గనుక హాని చేయదనుకొనుట భ్రమ. గాడిదగడప జాతి మొక్కలలోని విషద్రవ్యం బెల్జియం దేశంలో సన్నబడుటకు మందు వాడిన స్త్రీల మూత్రపిండాలను పాడుచేసినట్లు 1993లో వెల్లడైంది.

డయాలసిస్ మాన్పిస్తానని చెప్పే వైద్యుడు ఆయుర్వేదాన్ని రక్షించుటలేదు, రోగి అలసటను సొమ్ము చేసుకొనుచున్నాడు. ఆకలి, నిద్ర, మలబద్ధం, దురద, మనోధైర్యం వంటి విషయాలలో, అదీ నిపుణునికి తెలిపి, సాయపడగలమేమో గాని గుంజను పీకే అధికారం మనకు లేదు.

గుంజనే దగ్గరకు తేవాలి

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. ఆరోగ్యశ్రీ కింద పేదలకు డయాలసిస్ ఉచితమైంది. నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రులు ముఖ్యకేంద్రాలుగా జిల్లా, ఏరియా ఆస్పత్రులలో యంత్రాలు పెట్టారు. డయాలసిస్ రోగులకు 2022లో నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను ప్రకటించారు. 2023 డిసెంబరు 9 నుండి బస్సులో స్త్రీలకు టికెట్టు లేకుండా పోయింది. తోడు వచ్చే భార్యకు ఖర్చు తగ్గింది. కిలోమీటర్లు మాత్రం తగ్గలేదు.

యంత్రం దగ్గరకు వచ్చిన చోట కూడా నిపుణుడు ఇంకా దూరంగానే ఉన్నాడు. ఫిస్టులా వేయుటకు, అది మూసుకుపోతే సరిచేయుటకు, క్యాథెటరు వద్ద చీము పట్టి చలిజ్వరం వస్తే చూచుటకు రోగి వరంగల్లుకో హైదరాబాదుకో పరుగెత్తవలసిందే. యంత్రం పెట్టినంతనే కేంద్రం నడవదు. నాలుగు గంటల డయాలసిస్‌కు ఒక్కొక్క రోగికి సుమారు 120 లీటర్ల అతిశుద్ధమైన నీరు కావాలి. ఎడతెగని కరెంటు కావాలి, తర్ఫీదు పొందిన మనిషి కావాలి. నెలకు కొన్ని రోజులైనా నిపుణుడు చిన్న కేంద్రాలకు వచ్చి రోగులను చూచే ఏర్పాటు ఉండాలి. ప్రతి వానకాలానికి ముందు వాగు అవతలి రోగుల జాబితా సిద్ధం చేసి, వరద హెచ్చరిక రాగానే వారిని ఆస్పత్రి దగ్గరకు చేర్చాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రజలు ఈ బాధను మనకన్నా ఎక్కువగా అనుభవించారు. అక్కడ మూత్రపిండాల వ్యాధి ఎందుకంత ప్రబలిందో నేటికీ నిర్ధారణగా తేలలేదు. కవిటి, సోంపేట వంటి మండలాల వారు డయాలసిస్ కొరకు విశాఖపట్నం దాకా వెళ్లిన రోజులున్నాయి. ఏళ్ల తరబడి గోల చేయగా కేంద్రాలు దగ్గరకు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. అడిగితేనే వచ్చాయన్నది గమనించదగినది.

ఆస్ట్రేలియా ఎడారిలోని ఆదివాసులు అడిగి ఊరుకోలేదు. డయాలసిస్ కొరకు వందల కిలోమీటర్ల దూరంలోని ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి వలసపోయి, అయినవారికి దూరమై చనిపోవుట భరించలేక, తాము వేసిన చిత్రాలను 2000 సంవత్సరంలో వేలం వేసి పది లక్షల డాలర్లకు పైగా కూడబెట్టారు. ఆ సొమ్ముతో 2004లో కింటోర్ అనే తమ మారుమూల ఊరిలోనే డయాలసిస్ మొదలుపెట్టుకొన్నారు.

ఇళ్లలో మనం చేయదగినవి

1. రోగి స్థితికి సీఏపీడీ అనే పొట్ట డయాలసిస్ సరిపోతుందేమో నిపుణుని అడగండి. పొట్టలోని పొర ద్వారా ఇంటివద్దనే చేసుకొనే పద్ధతి ఇది. శుభ్రత తప్పితే చీము పట్టే ప్రమాదమున్నది, అందరికీ పనికిరాదు. కాని దూరపు పల్లెవారికి పెద్ద ఊరట. జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో దీనికి 2019లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది.

2. డయాలసిస్ తప్పదని తెలియగానే ఫిస్టులా సంగతి మాట్లాడండి. అది పక్వమగుటకు వారాలు పడుతుంది. ఆఖరు నిమిషపు ప్రయాణం అన్నిటికన్నా ప్రమాదకరం.

3. ఒక పూట తప్పక తప్పనప్పుడు కేంద్రానికి వెంటనే ఫోను చేసి మరొక వేళ అడగండి. ఈలోగా నీరు, ఉప్పు, పండ్లు వారు చెప్పిన మితిలోనే ఉండాలి. ఆయాసం గాని, కండరాల నీరసం గాని వస్తే వంతు కొరకు ఆగక అత్యవసర విభాగానికి వెళ్లండి.

4. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏడాదికొకసారి క్రియాటినైను, మూత్రంలో ప్రోటీను పరీక్ష చేయించుకోండి. నొప్పిమాత్రలను ఇష్టం వచ్చినట్లు మింగవద్దు.

5. పట్టణంలో ఇల్లున్న వారు, పల్లె నుండి డయాలసిస్‌కు వచ్చే బంధువుకో, పనిమనిషి ఇంటివారికో ఆ రాత్రికి ఒక మంచం చూపండి.

మా గురువుగారి ఇంటి ముందు పొడవాటి అరుగు ఉండేది. దూరపు ఊళ్ల నుండి వచ్చిన రోగికి మందు నూరకముందే, "చాప పరిచారా?" అని మమ్ములను అడిగేవారు. అది అతిథిమర్యాద అని అప్పుడు అనుకొన్నాను. ఇప్పుడు నా వద్దకు వచ్చే డయాలసిస్ రోగిని నాడి చూడకముందే, ఎంత దూరం నుండి వచ్చావని అడుగుతున్నాను.