తోవ మీద పోయిన పొద్దుకు పైసలేవి?

ఆశా అక్కలారా, చెల్లెళ్లారా!

నిన్న ఎన్నింటికి ఇంట్లోంచి బయటపడ్డారు? ఎన్నింటికి వచ్చి పడ్డారు? అందులో ఎంతసేపు తోవ మీదే పోయింది? ఎవరైనా అడిగారా? అడగరు! ఆ లెక్క ఏ రిజిస్టర్‌లోనూ లేదు. లేదు కాబట్టే దానికి ఒక్క పైసా రాదు!

అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. పక్క వీధి పిల్లకు నొప్పులొచ్చాయి. 108 వస్తుంది, ఆమెతో పాటు మనమూ ఎక్కుతాం. ఏరియా దవాఖానలో చీటీ రాయించేది మనం. ఆమె అత్తకు ధైర్యం చెప్పేది మనం. లేబర్ రూమ్ బయట బెంచీ మీద తెల్లవార్లూ కూర్చునేది మనం. బిడ్డ ఏడుపు వినపడితే మన ప్రాణం కూడా కుదుటపడుతుంది, నిజమే. కానీ తిరిగి రావడం ఎట్లా? 108 మనల్ని మళ్లీ ఇంటికి దింపదు! దొరికిన ఆటోకు సొంత పైసలిచ్చి ఇల్లు చేరేసరికి పిల్లలు బడికి పోయే టైమ్. పొయ్యి మీద ఏమీ ఉండదు. ఆ రోజు టీకాల బుధవారమైతే? మొహం కడుక్కుని మళ్లీ సబ్ సెంటర్‌కే!

‘ఆడవాళ్లకు బస్సు ఫ్రీయే కదా, ఇంకేం ఛార్జీలు?’ అనేవాళ్లున్నారు. మన తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఫ్రీయే. మంచి పనే, కాదనం. మరి అర్ధరాత్రి ఏ బస్సు తిరుగుతుంది? గుట్ట మీది గూడేనికి ఏ బస్సు పోతుంది? రోడ్డు దిగి చేన్ల గట్ల మీద నడిచిపోవాల్సిన తండాకు ఏ బస్సు పోతుంది? టికెట్ ఫ్రీ అయింది, సరే. మన పొద్దు కూడా ఫ్రీయేనా?

బాలింతల లెక్కే చూడండి. దవాఖానలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరు సార్లు ఇంటికి పోవాలి. బిడ్డను తూకం వేయాలి, బొడ్డు చూడాలి, ఒళ్లు కాలుతుందేమో చూడాలి, ఫారం నింపాలి. ఆరింటికీ కలిపి కేంద్రం పెట్టిన రేటు 250 రూపాయలు! ఒక్కసారికి 42 రూపాయలు కూడా పడవు. పోయేసరికి తలుపుకు తాళం ఉంటే? రేపు మళ్లీ పోవాలి. ఆ తిరుగుడుకు రేటే లేదు!

సర్కారు రాసుకున్న మార్గదర్శకాల్లో మన పని ఎంతో తెలుసా? రోజుకు 2, 3 గంటలు, వారానికి 4 రోజులు. కడుపు మండుతుంది! కుష్టు సర్వే ఎవరిది? బీపీ, షుగర్ల సర్వే ఎవరిది? టీబీ అనుమానముంటే కళ్లె డబ్బా పట్టుకుని పీహెచ్‌సీకి పోయేదెవరు? పగలు రిజిస్టర్‌లో రాసింది రాత్రి ఫోన్‌లో ఎక్కించేదెవరు? పెండింగ్ ఉంటే వాట్సాప్ గ్రూపులో అందరి ముందు పేరు పెడతారు. జీతం అడిగితే ‘మీరు వాలంటీర్లు’ అంటారు. ఒక్కరోజు రాకపోతే మెమో అంటారు. వాలంటీర్‌కు మెమో ఏంది?

తెలంగాణలో 2022లో మన పారితోషికం 7,500 నుంచి 9,750 చేశారు. అదే ఏడు మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని 10 లక్షల మంది ఆశాలకు అవార్డు ఇచ్చింది. సంతోషమే. కిరాణా కొట్లో బాకీ దానితో తీరిందా? మనలాంటి స్కీమ్ వర్కర్లను కార్మికులుగా గుర్తించాలి, కనీస వేతనం ఇవ్వాలి అని 2013లోనే 45వ భారత కార్మిక మహాసభ చెప్పింది. సర్కారు, యజమానులు, యూనియన్లు కలిసి కూర్చుని ఒప్పుకున్న మాట అది! ఇన్నేళ్లయినా కాగితం దాటలేదు.

ఇక ఒక పని చేద్దాం. అందరం, ఒకేసారి. పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీయండి. ఇంట్లోంచి బయలుదేరిన టైమ్, పోయిన చోటు, తిరిగొచ్చిన టైమ్, ఆటోకు ఇచ్చింది. ఏ రోజుది ఆ రోజే రాయండి, రేపటికి మర్చిపోతాం. చదువు తక్కువున్న అక్కకు పక్కనున్న చెల్లె రాసిపెట్టాలి. కొత్త సర్వే నోటిమాటగా చెబితే ‘సార్, కాగితం మీద ఇవ్వండి, దానికెంతో కూడా రాయండి’ అనాలి. మెత్తగానే అడుగుదాం. కానీ అందరం అడుగుదాం! ఒక్కతే అడిగితే ‘నోరెక్కువ’ అంటారు. పీహెచ్‌సీ మొత్తం అడిగితే ఏమంటారు?

నెలకు 18,000 ఫిక్స్‌డ్ వేతనం ఎప్పటినుంచో అడుగుతున్నదే, వదిలేది లేదు. దానితో పాటు తోవ టైమ్ పని టైమ్‌గా లెక్క కట్టాలి! ఆటో ఖర్చు ఏ నెలది ఆ నెల ఇవ్వాలి! రాత్రి కేసుకు పోయిన ఆశాకు మర్నాడు సెలవివ్వాలి!

వచ్చే నెల పీహెచ్‌సీ మీటింగ్‌కు నోటుబుక్కులతో రండి. జిరాక్సులు తీసి, వినతిపత్రానికి జోడించి, మెడికల్ ఆఫీసర్ చేతికే ఇద్దాం. ముట్టినట్టు సంతకం, ముద్ర పడేదాకా ఎవరమూ లేవం! ఆ పొద్దు ఎవరికైనా కాన్పు కేసు పడితే దవాఖానకే పోవాలి. ఆమె బుక్కు పక్క ఊరి ఆశా తేవాలి.

మీ తోటి ఆశాలు