రోబో పందెంలో తెలుగు తరగతికి చోటు ఉన్నదా?

ప్రతి సంవత్సరం బడులు తెరిచి చేరికలు మొదలు కాగానే మా హోసూరు ప్రాంతంలోని తెలుగు ఉపాధ్యాయులకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "తెలుగులో చదివితే మావాడు ఇంజనీరు అవుతాడా సార్?" అని తల్లిదండ్రులు అడుగుతారు. అడిగేవారు పరాయివారు కారు. తాతముత్తాతల నాటి నుండి ఇంట తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడుతూ ఈ నేలనే నమ్ముకొని ఉన్నవారు. వారి ప్రశ్నలో భాషపై ద్వేషం లేదు. ఊరి చుట్టూ మోటారు వాహనాల కర్మాగారాలు, గడియారాల కర్మాగారం, వాటికి విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న చిన్న వర్క్‌షాపులు ఉన్నాయి. ఆ గేటు లోపలికి తాము కూలీలుగా వెళ్లినా తమ బిడ్డ ఇంజనీరుగా వెళ్లాలన్నది వారి ఆశ. ఆ ఆశకు తెలుగు అడ్డుపడుతుందేమోనన్నది వారి భయం. మా తెలుగు తరగతులు ఏటేటా పలుచబడటానికి ఈ భయం ఒక ముఖ్య కారణం.

ఈ ప్రశ్నకు నేను చాలా కాలం ఆవేశంతోనే జవాబు చెప్పాను. మాతృభాష తల్లిపాల వంటిదన్నాను. మన ప్రాచీన సాహిత్య వైభవాన్ని వర్ణించాను. విన్నవారు వినయంగా తల ఊపి, నమస్కారం పెట్టి, పిల్లవాణ్ణి తీసుకొని వెళ్లి ఆంగ్ల మాధ్యమంలో చేర్చారు. నేడు నా జవాబు వేరు. ఆ జవాబును నాకు నేర్పినది ఏ వ్యాకరణ గ్రంథమూ కాదు, జానెడు పొడవున్న ఒక చక్రాల బండి.

కొన్ని సంవత్సరాల క్రితం మా పాఠశాల నుండి నలుగురు విద్యార్థులు ఒక రోబో పోటీకి ఎంపికైనారు. వారిని సిద్ధం చేయడానికి నా తెలుగు పీరియడ్లను వారానికి మూడు తీసుకున్నారు. నాకు కోపం వచ్చింది. ఏదైనా కొత్తది వస్తే మొదట కోతపడేది తెలుగు పీరియడే గదా! పైగా పిల్లలకు తోడుగా వెళ్లే పని కూడా నాకే అప్పగించారు. ఉపాధ్యాయ శిక్షణలో నేను నేర్చినది బోధన పద్ధతులను గాని యంత్రాలను కాదు. అయినా తప్పక వెళ్లాను.

మా పిల్లలు చేసినది తెల్లని నేలపై నల్లని గీతను పట్టుకొని నడిచే బండి. దాని అడుగున ఒక సెన్సర్ ఉంటుంది. అది కంటికి కనబడని పరారుణ కాంతిని నేలపైకి పంపుతుంది. తెల్లని చోట ఆ కాంతి తిరిగి వస్తుంది, నల్లని చోట చాలావరకు ఇంకిపోతుంది. ఆ తేడాను బట్టి బండి ఎటు తిరగాలో నిర్ణయించుకుంటుంది. మా బడిలో సాయంత్రాలు చేసిన సాధనలో అది చక్కగా నడిచింది. పోటీనాడు ఉదయం పది గంటలకు, కిటికీ ప్రక్కన వేసిన బల్లపై, ఒక్క మూర కూడా సరిగా నడవలేదు. పిల్లల ముఖాలు వాడిపోయినాయి.

వారిలో ఒక బాలిక, ఏడవ తరగతి, ఇంట తెలుగు తప్ప వేరు భాష ఎరుగని పిల్ల, బండిని ఎత్తి బల్ల అవతలి నీడలో పెట్టి చూసింది. అక్కడ నడిచింది. మళ్లీ ఎండలో పెట్టింది. నడవలేదు. "సార్, ఎండలో కూడా ఆ కనబడని వెలుగు ఉన్నట్టుంది. నల్లగీత మీద కూడా ఎండ వెలుగే దాని కంట్లో పడుతోంది. అందుకే అంతా తెలుపే అనుకుంటోంది" అన్నది. నోటుపుస్తకం అట్టను చించి, సెన్సర్ చుట్టూ చిన్న గొడుగు వలె మడిచి అతికించింది. బండి గీత పట్టింది.

ఇంజనీరింగ్ అనదగిన ఆలోచనను నేను కళ్లారా చూచినది ఆనాడే. లోపం కనబడింది. ఒక అనుమానం పుట్టింది. ఆ అనుమానాన్ని పరీక్షించింది. కారణం తేలింది. దొరికిన వస్తువుతో మార్పు చేసింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

తరువాత న్యాయనిర్ణేతలు వచ్చారు. "ఈ అట్ట ఎందుకు?" అని ఆంగ్లంలో అడిగారు. ఆ బాలిక నేల చూపులు చూస్తూ నిలబడింది. తమిళంలో అడిగారు. రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. నేను చెప్పబోతే, ఉపాధ్యాయులు మాట్లాడకూడదన్నారు. నియమం న్యాయమైనదే. వివరణకు కేటాయించిన గడిలో సున్న పడింది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆమె నాతో అన్న మాట ఇంకా చెవిలో ఉన్నది: "నాకు తెలుసు సార్. చెప్పడానికే రాలేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెలిసినదానిని చెప్పించడం ఎవరి పని? విజ్ఞాన ఉపాధ్యాయునిదా? కాదు. భాషోపాధ్యాయునిది. అంటే ఆ సున్న నాది.

అప్పటి నుండి ఈ పోటీల చరిత్రను తెలుసుకొనడం మొదలుపెట్టాను. 1970 దశకంలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వుడీ ఫ్లవర్స్ అనే ఆచార్యుడు యంత్ర రూపకల్పన తరగతిలో ప్రతి విద్యార్థికీ ఒకే రకమైన చిల్లర సామానుల మూటను ఇచ్చి, దానితోనే యంత్రం చేసి పోటీ పడమనేవాడు. మూట ఒకటే, ఆలోచనలు మాత్రం వేరు. డీన్ కేమెన్ అనే ఆవిష్కర్త 1989లో 'ఫస్ట్' అనే సంస్థను స్థాపించాడు. దాని పూర్తి పేరులో 'ప్రేరణ' అనే అర్థమిచ్చే మాట ఉండటం గమనించదగినది. ఫ్లవర్స్ తోడ్పాటుతో ఆ సంస్థ 1992లో న్యూ హాంప్‌షైర్‌లోని ఒక ఉన్నత పాఠశాల వ్యాయామశాలలో 28 జట్లతో తొలి పోటీ జరిపింది. ఆ పోటీలలో ఒక ఆటలో ప్రత్యర్థి అయిన జట్టు మరొక ఆటలో మిత్రపక్షం కావచ్చు. ఎదుటి జట్టుకు మర చెడిపోతే తమ పనిముట్లు ఇచ్చి సాయపడటం అక్కడ మర్యాద. అన్నిటికంటె పెద్ద బహుమతి ఆటలో గెలిచిన రోబోకు కాదు, తమ చుట్టూ ఉన్నవారిలో శాస్త్రాసక్తిని పెంచిన జట్టుకు దక్కుతుంది. ఆ జట్టు తాను చేసినదానిని వ్రాసి, మాట్లాడి, ఒప్పించాలి.

జపానులో మసాహిరో మోరీ అనే ఆచార్యుని ప్రేరణతో 1988లో సాంకేతిక కళాశాలల రోబో పోటీలు ఆరంభమైనాయి. ఆ సంప్రదాయం నుండి పుట్టినదే 2002లో టోక్యోలో మొదలైన ఆసియా పసిఫిక్ కళాశాలల 'రోబోకాన్'. 2008లో ఆ పోటీ మన పూణేలో జరిగినప్పుడు పెట్టిన ఇతివృత్తం ఏమనుకున్నారు? గోవిందుని వెన్న ఉట్టి! కృష్ణాష్టమినాడు మన ఊళ్లలో కుర్రవాళ్లు ఎగిరి కొట్టే ఉట్టినే పలు దేశాల ఇంజనీరింగ్ విద్యార్థులు తమ యంత్రాలకు సమస్యగా తీసుకున్నారు. పల్లెటూరి ఆట ఇంజనీరింగ్ ప్రశ్న కాగలిగినప్పుడు, పల్లెటూరి మాట ఇంజనీరింగ్ జవాబు ఎందుకు కాకూడదు?

ఈ పోటీలు పిల్లలకు నిజంగా ఏమి నేర్పుతాయి? నా దృష్టిలో వాటి గొప్పతనం బహుమతిలో లేదు, వైఫల్యాన్ని దాచడానికి వీలు లేకపోవడంలో ఉన్నది. పరీక్షలో తప్పు వ్రాసిన పిల్లవాడికి మూడు వారాల తరువాత ఎర్రసిరా కనబడుతుంది. అప్పటికి ఆ తప్పుతో అతనికి సంబంధం తెగిపోయి ఉంటుంది. రోబో తప్పు చేస్తే అదే క్షణాన అందరి కళ్లముందూ గోడకు కొట్టుకొంటుంది. మరమనిషి మొగమాటపడదు. పిల్లవాడు వెంటనే 'ఎందుకు?' అని అడుగక తప్పదు. ఆ 'ఎందుకు' ఏ భాషలో పుడుతుంది? కలవరపడిన పిల్లవాడు కలలు కనే భాషలోనే పుడుతుంది.

మరుసటి సంవత్సరం నేను నా పీరియడ్లను ఇవ్వడానికి ఒప్పుకున్నాను, అయితే ఒక షరతు పెట్టాను. పిల్లలు ప్రతి దినం 'ఏమి చెడింది, ఎందుకు చెడింది, ఏమి మార్చాము, ఏమైంది' అనే నాలుగు విషయాలను తెలుగులో వ్రాయాలి. మొదట్లో "బండి సరిగా పోలేదు" అన్న ఒక్క వాక్యమే వచ్చేది. నెల తిరిగేసరికి ఇట్లా వ్రాశారు: "కొత్త బ్యాటరీలు వేసినందున వేగం పెరిగింది. మలుపులో గీత దాటింది. వేగం తగ్గించినా దాటింది. చక్రం వదులుగా ఉన్నదని కనిపెట్టి స్క్రూ బిగించాము. నిలిచింది."

వ్యాకరణం చెప్పేవారు ఈ నాలుగైదు వాక్యాలను శ్రద్ధగా చూడాలి. 'తగ్గించినా' అన్నది అప్యర్థకం. మొదట ఊహించిన కారణం చాలదనీ, వేరే కారణం వెదకాలనీ ఆ ఒక్క దీర్ఘం చెబుతున్నది. ఇక రోబోకు వ్రాసే ప్రోగ్రాం సంగతి. 'వెలుగు తిరిగి వస్తే కుడికి తిరుగు, రాకపోతే ఎడమకు తిరుగు' అన్నదే దాని సారం. అది చేదర్థకం, దాని వ్యతిరేకరూపం. ఇరవై అయిదేళ్లుగా నేను నల్లబల్లపై 'వానలు కురిస్తే పంటలు పండుతాయి' అని వ్రాసి బట్టీ పట్టించిన పాఠం, ఒక మోటారును కుడికీ ఎడమకూ తిప్పుతుంటే పిల్లలు కళ్లు విప్పి చూశారు. వారి కంటె ఎక్కువ ఆశ్చర్యపడినవాడిని నేను.

దీనిపై వచ్చే ఆక్షేపణలు నాకు తెలియనివి కావు. పై చదువులు ఆంగ్లంలో ఉండగా ఇదంతా వృథా కాదా అంటారు. ఆంగ్లం వద్దని నేను అనడం లేదు. తెలుగులో ఒకసారి కారణకార్యాలు విడదీసి వ్రాసిన పిల్లవాడు దానిని తమిళంలోకో ఆంగ్లంలోకో మార్చుకొనడానికి మాటలు మాత్రమే నేర్వాలి. ఆలోచన అప్పటికే ఉన్నది. ఆలోచనే లేనివాడు ఆంగ్లంలో అప్పగించేది ఇతరులు వ్రాసి ఇచ్చిన పాఠాన్నే. అటువంటివారిని కూడా పోటీలలో చూశాను. శిక్షకుడు చేసిన యంత్రం ముందు నిలబడి చిలుకపలుకులు పలికే పిల్లలకు బహుమతి వచ్చినా ఇంజనీరింగ్ రాదు.

రెండవ ఆక్షేపణ ఖర్చు. ఇది నిజమైన సమస్యే. ధనికుల బడిలో ఖరీదైన పెట్టెలు, జీతానికి శిక్షకులు ఉంటారు. మన పిల్లలకు ఉండవు. కేంద్ర ప్రభుత్వం 2016లో అటల్ ఇన్నొవేషన్ మిషన్ కింద ఆరు నుండి పన్నెండవ తరగతి విద్యార్థులకై టింకరింగ్ ల్యాబుల పథకం తెచ్చి, ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సాయం ప్రకటించింది. 2025 బడ్జెటులో అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలలకు మరి 50,000 ల్యాబులు ఇస్తామని చెప్పారు. సంతోషం. కాని బీరువాకు తాళం వేసి, తనిఖీనాడు మాత్రమే తెరిచే సామానుతో ఎవరికీ ప్రేరణ కలుగదు. ల్యాబు లేనిచోట పాత ఆటబొమ్మ మోటారు, రెండు బ్యాటరీలు, సీసా మూతలు, అట్టముక్క చాలు. ఫ్లవర్స్ ఆచార్యుని మూటలో ఉన్నవీ చిల్లర సామానులే గదా!

పోటీలు నిర్వహించేవారికి నా విన్నపం ఒకటే. వివరణను పిల్లవాడు తనకు వచ్చిన భాషలో చెప్పనివ్వండి. ఆ భాష తెలిసిన ఒక పెద్దమనిషిని, ఆ పాఠశాలకు చెందనివారిని, మీ ప్రక్కన కూర్చోబెట్టుకోండి. మా సరిహద్దు ఊళ్లలో అటువంటివారు ప్రతి వీధిలోనూ దొరుకుతారు. దీనివల్ల ఎవరికీ అదనపు మార్కులు రావు. తెలిసినవారికి తెలియనివారని ముద్ర పడకుండా ఉంటుంది, అంతే.

ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారికి ఒక సంగతి గుర్తు చేస్తాను. ఏటా సెప్టెంబరు 15న దేశమంతా ఇంజనీర్ల దినోత్సవం జరుపుకొనేది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మదినాన. ఆయన పుట్టినది కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో. పూర్వీకులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం నుండి వెళ్లిన తెలుగువారు. అంటే మనవంటి వలస కుటుంబమే. పూణే దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన అమర్చిన తలుపులు నీటిమట్టం హద్దు దాటగానే మనిషి చేయి పడకుండానే తెరుచుకొనేవి. 'నీరు పెరిగితే తెరుచుకో, తగ్గితే మూసుకో.' మా పిల్లల బండిలో ఉన్నదీ ఆ సూత్రమే. చిన్నది, అంతే తేడా.

ఆ రెండవ సంవత్సరం మా జట్టు గెలువలేదు. వివరణ గడిలో మాత్రం సున్న పడలేదు. వ్రాసుకున్న పుస్తకాన్ని చేతపట్టుకొని ఆ బాలిక తమిళంలో, నడుమ నడుమ తెలుగులో, తడబడుతూనే మొత్తం చెప్పింది. ఇప్పుడు ఆమె పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదువుతున్నది. సెలవులలో వచ్చినప్పుడు మా పిల్లల బండ్లకు స్క్రూలు బిగించి పోతుంది.

కనుక ఈ ఏడు చేరికల కాలంలో ఎవరైనా "తెలుగులో చదివితే ఇంజనీరు అవుతాడా?" అని అడిగితే నేను తల్లిపాల మాట ఎత్తను. లోపలికి పిలిచి, బల్లపై బండిని నడిపించి, పిల్లల పుస్తకం చేతికిస్తాను. తోటి తెలుగు ఉపాధ్యాయులు కూడా తమ బడిలో అటువంటి ఒక పుస్తకం తెరవవలసినదిగా మనవి. మొదటి పుట మీద ఏమి చెడిందో వ్రాయించండి. మిగిలిన పుటలు పిల్లలే నింపుతారు.