గడ్డి ఉన్నవాడి బేరం

– మెట్టవాసి

2018 నవంబరులో సన్‌రైజర్స్ హైదరాబాద్ శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చేసి, బదులుగా ముగ్గురిని తెచ్చుకుంది: విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ. ధావన్ ధర 5.20 కోట్లు. వచ్చిన ముగ్గురిదీ కలిపితే 6.95 కోట్లు. తేడా 1.75 కోట్లు హైదరాబాదే కట్టింది. మొదటి ఇద్దరికీ చెరి 3.20 కోట్లు పోగా మిగిలిన 55 లక్షల కుర్రాడు అభిషేక్. కొసరు కింద వచ్చాడన్నమాట.

తర్వాత మూడేళ్లూ హైదరాబాద్ అభిమానులు తల బాదుకున్నారు. ఢిల్లీకి ధావన్ 2019లో 521, 2020లో 618, 2021లో 587 పరుగులు చేసిపెట్టాడు. 2020లో వరుసగా రెండు మ్యాచ్‌లలో రెండు సెంచరీలు కొట్టాడు. ఐపీఎల్‌లో అంతకుముందు ఎవరూ కొట్టలేదు. 2012 తర్వాత ప్లేఆఫ్స్ గడప తొక్కని ఢిల్లీ ఆ మూడేళ్లూ తొక్కింది, ఒకసారి ఫైనల్ కూడా ఆడింది. ఇటు విజయ్ శంకర్ పేరెత్తితే మనవాళ్లకు సన్‌రైజర్స్ గుర్తురాదు, అంబటి రాయుడి త్రీడీ కళ్లద్దాల ట్వీట్ గుర్తొస్తుంది. (2019 ప్రపంచకప్‌కు రాయుణ్ణి కాదని విజయ్ శంకర్‌ను తీసుకున్న సెలక్షన్ కమిటీకి పెద్ద ఎమ్మెస్కే ప్రసాద్. ఇద్దరూ గుంటూరువాళ్లే. వాళ్ల తగవులో మన రాయలసీమ తలదూర్చదు.)

ఇప్పుడు అదే అభిమానుల్ని అడగండి. 2024లో అభిషేక్ 484 పరుగులు చేశాడు, 204 స్ట్రైక్ రేటుతో, 42 సిక్సర్లతో. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ 246 పరుగుల లక్ష్యం పెడితే ఒక్కడే 55 బంతుల్లో 141 బాదాడు. ఐపీఎల్‌లో అప్పటిదాకా ఏ భారతీయుడూ అంత స్కోరు చేయలేదు. ఇప్పుడతని ధర 14 కోట్లు. ధావన్ బేరం మహా తెలివైన బేరమని ఇవాళ చెప్పేవాళ్లలో సగంమంది అప్పుడు తిట్టినవాళ్లే.

రెండు తీర్పులూ నాకు ఒప్పవు. ఢిల్లీకి ఆ మూడేళ్లలోనే పరుగులు కావాలి, కొనుక్కుంది, దక్కాయి. తర్వాత హైదరాబాద్‌కు దక్కింది ఢిల్లీ పోగొట్టుకున్నట్టు కాదు. ఎవరి పరుగులు ఎవరికి, ఏ ఏడాది కావాలన్నది వదిలేసి పేరు పక్కన పేరు పెట్టి తూచడం మనకు అలవాటైపోయింది.

అమెరికా బేస్‌బాల్ ఈ లెక్కను సీజన్ నడుమే తేలుస్తుంది. జట్టుకు 162 మ్యాచ్‌లు, మార్చి చివర మొదలై సెప్టెంబరు చివరి దాకా. జూలై ఆఖరుకు అటూ ఇటుగా బేరాలకు గడువు. అప్పటికి వంద దాటి మ్యాచ్‌లు అయిపోయి ఉంటాయి కాబట్టి, ఈ ఏడు తమకు ఆశ ఉందో లేదో ప్రతి జట్టుకూ తెలిసిపోతుంది. లేనివాడు అనుభవజ్ఞుణ్ణి ఇచ్చి కుర్రాళ్లను తెచ్చుకుంటాడు. ఉన్నవాడు రేపటి కుర్రాణ్ణి ఇచ్చి ఇవాళ్టి పిచర్‌ను, అంటే అక్కడి బౌలర్‌ను, తెచ్చుకుంటాడు. పూర్వం కొన్ని షరతుల మీద ఆగస్టులోనూ వీలుండేది. అలా 1987 ఆగస్టులో డెట్రాయిట్ జట్టు 36 ఏళ్ల పిచర్ డాయిల్ అలెగ్జాండర్‌ను అట్లాంటా నుంచి తెచ్చుకుంది. అతను వచ్చాక రెగ్యులర్ సీజన్‌లో తొమ్మిది గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. డెట్రాయిట్ తన డివిజన్ గెలిచింది. అందుకు ఇచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రాడు జాన్ స్మోల్ట్జ్. అట్లాంటాకు రెండు దశాబ్దాలు ఆడి, 1995లో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉండి, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. డెట్రాయిట్‌ను ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఆ తొమ్మిది విజయాలు లేకుంటే ఏమయ్యేదో మాత్రం అడగరు.

అనంతపురం జిల్లాలోని మా బెళుగుప్ప మండలంలో ఈ సంగతి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. జూలై ఆఖరే మాకూ గడువు. అప్పటికీ పదును కాకపోతే శెనక్కాయ విత్తడమా, ఆ ఆశ వదిలి ఉలవలకో జొన్నకో ఆగడమా తేల్చుకోవాలి. మేత లేని ఏడు ఆ నెలలోనే ఎద్దుల జత సంతకు పోయేది. ఎద్దులు నిన్నటివే, పళ్లు అవే, బలం అదే. ధర మాత్రం సగం, ఎందుకంటే ఊళ్లో అందరూ అమ్మేవాళ్లే. కొనేవాడు కాలువ కింది రైతు, ఇంట్లో గడ్డివామి ఉన్నవాడు. వాడికి ఈ దుక్కికి ఎద్దులు కావాలి. అమ్మినవాడికి వచ్చే ఏడు దాకా ఇల్లు గడవాలి. అమ్మినవాణ్ణి తెలివితక్కువవాడని ఇక్కడెవరూ అనరు. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి గానీ గొర్రెల విషయంలో ఇప్పటికీ ఇదే తంతు.

మరి ఐపీఎల్‌లో సీజన్ నడుమ బేరాలు ఎందుకు లేవు? ఒకప్పుడు ఉండేవి, కాగితం మీద. 2020లో ప్రతి జట్టూ ఏడేసి మ్యాచ్‌లు ఆడాక తలుపు తీశారు. రెండు మ్యాచ్‌లకు మించి ఆడనివాళ్లు జట్టు మారవచ్చన్నారు. ఒక్కరూ మారలేదు. ఆడించని ఆటగాణ్ణి కొనడానికి ఎవరు పరుగెత్తుకొస్తారు? బాగా ఆడుతున్నవాణ్ణి అమ్మడానికేమో వీల్లేదు.

అంతకంటే పెద్ద అడ్డంకి మెగా వేలం. బేస్‌బాల్‌లో పైస్థాయికి వచ్చిన కుర్రాడు ఆరేళ్ల సర్వీసు నిండేదాకా జట్టు చేతిలోనే ఉంటాడు. అందుకే రేపటి కోసం ఇవాళ వదులుకోవచ్చు. మన దగ్గర మూడు నాలుగేళ్లకోసారి సంచి బోర్లించి మళ్లీ ఏరుకోవాలి. అభిషేక్ సంగతే చూడండి. 2022 వేలానికి ముందు హైదరాబాద్ విలియమ్సన్‌ను, అబ్దుల్ సమద్‌ను, ఉమ్రాన్ మాలిక్‌ను అట్టిపెట్టుకుని అతన్ని వదిలేసింది. 55 లక్షలకు చేతికొచ్చినవాణ్ణి వేలంలో 6.50 కోట్లు పెట్టి మళ్లీ కొనుక్కుంది. ఆ ఏడే ఓపెనర్‌గా దింపితే 426 పరుగులు చేశాడు. అంతకుముందు ఎక్కువగా కిందెక్కడో ఆడించారు. ఆ చోట అతని విలువ బయటపడే దారే లేదు. 2018 బేరంలో హైదరాబాద్ ముందుచూపు ఉందంటే నేను నమ్మనిది ఇందుకే. చెట్టు నాటింది, మధ్యలో పీకేసింది, అదృష్టం బాగుండి పక్కవాడు పట్టుకుపోలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఐపీఎల్ నయం. ఇక్కడ ఆటగాడు ఒప్పుకోనిదే బేరం కుదరదు. బేస్‌బాల్‌లో పదేళ్లు ఆడి, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాడికో, ఒప్పందంలో ముందే రాయించుకున్నవాడికో తప్ప కాదనే హక్కు లేదు. పొద్దున ఒక ఊరి చొక్కా, రాత్రికి ఇంకో ఊరిది. అయితే మన ఒప్పుదల కూడా చాలాకాలం ఒకవైపుదే. 2010లో రవీంద్ర జడేజా తనంతట తాను వేరే జట్టుతో మాట్లాడుకున్నాడని ఏడాదంతా ఆడనివ్వలేదు. 2025 నవంబరులో అదే జడేజాను చెన్నై, సామ్ కరన్‌తో కలిపి రాజస్థాన్‌కు ఇచ్చి సంజూ శాంసన్‌ను తెచ్చుకుంది. జడేజా ధర 18 కోట్ల నుంచి 14కు దిగింది. శాంసన్‌ది 18. (2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీకి వచ్చి మా అనంతపురం ఆర్డీటీ మైదానంలో 106 కొట్టి వెళ్లిన శాంసనే.) ఎవరు గెలిచారని మర్నాటికే మార్కులు వేశారు. చెన్నై రాబోయే ఏళ్లకు కీపర్‌ను కొనుక్కుంది, రాజస్థాన్ ఇప్పటికిప్పుడు ఇద్దరు ఆల్‌రౌండర్లను. ఏ గడువుకు కొన్నారో ఆ గడువు దాటాక వేయాలి మార్కులు.

నన్నడిగితే రెండు మ్యాచ్‌ల షరతు ఉండకూడదు. ఏడు మ్యాచ్‌ల తర్వాత వారం రోజులు తలుపు నిజంగా తీయాలి. మారినవాణ్ణి వచ్చే వేలంలో కూడా కొన్నేళ్లు అట్టిపెట్టుకునే హక్కు కొన్న జట్టుకు ఇవ్వాలి. ఆటగాడి సంతకం తప్పనిసరి చేయాలి, ధర పెరిగితే అందులో వాటా అతనికే దక్కాలి. అప్పుడు పట్టికలో అడుగున ఉన్న జట్టు చివరి ఏడు మ్యాచ్‌లు మొక్కుబడిగా ఆడదు. బెంచీ మీద కూర్చున్న ఇరవయ్యేళ్లవాడికి బ్యాటు ఇస్తుంది, వాడి ఆట చూసి పైజట్లు ఫోన్లు చేస్తాయి.