నూమెనోర్‌ను ముంచింది సౌరాన్ కాదు

టోల్కీన్ సృష్టించిన నూమెనోర్ ద్వీపరాజ్యం ప్రస్తావన ఎక్కడ వచ్చినా ఒకటే పాట వినిపిస్తుంది. బంగారంలాంటి రాజ్యమట, సౌరాన్ అనే మాయావి వచ్చి రాజు బుద్ధి పాడుచేశాడట, సముద్రం మింగేసిందట! 2022లో అమెజాన్ వారి ధారావాహిక తెలుగు గొంతుతో సహా మన ఇళ్ళలోకి వచ్చాక ఈ పాట మరీ ఎక్కువైంది. ‘సిల్మరిలియన్’ తెరవనివారు ఆ మాట అంటే సరిపెట్టుకోవచ్చు. చదివినవారు కూడా అదే అనడం నాకు మింగుడుపడదు.

ముందు లెక్క చూడండి. ద్వితీయయుగం 32వ ఏట ఎల్రోస్ తొలి రాజుగా ఆ రాజ్యం ఏర్పడింది. 3319లో మునిగింది. సౌరాన్ బందీగా ఆ గడ్డ మీద అడుగుపెట్టింది 3262లో. అంటే దాదాపు మూడువేల మూడువందల ఏళ్ళ చరిత్రలో అతడక్కడ ఉన్నది 57 ఏళ్ళు. చివరి రాజులు సైతం రెండువందల ఏళ్ళు బతికిన దేశంలో అదేపాటి కాలం? పైగా వచ్చిన మూడేళ్ళలోపే అతడు రాజుకు ఆంతరంగికుడైపోయాడు. గట్టి గోడను మూడేళ్ళలో ఎవరూ కూల్చలేరు. చెద పట్టి ఉండాలి.

ఆ చెద పేరు మరణభయం. ఎల్రోస్‌కూ అతని సోదరుడు ఎల్రాండ్‌కూ ఒక ఎంపిక దొరికింది. ఎల్రాండ్ ఎల్ఫ్‌ల అమరత్వాన్ని కోరుకున్నాడు, ఎల్రోస్ మనిషిగా పోవడాన్ని కోరుకున్నాడు. అయిదువందల ఏళ్ళు బతికి, వేళ వచ్చినప్పుడు ప్రాణాన్ని తానే విడిచిపెట్టాడు. తొలి రాజులందరిదీ అదే పద్ధతి. మనిషికి చావు సృష్టికర్త ఇచ్చిన వరమని టోల్కీన్ కట్టిన ఊహ. ఎంత సాహసమైన ఊహో చూడండి! ఆ వరాన్ని శాపంగా లెక్కించడం మొదలైన రోజే నూమెనోర్ పతనం మొదలైంది. పదమూడో ఏలిక తార్-అతనామిర్ ముసలితనంలో మతి తప్పేవరకూ సింహాసనాన్నీ ప్రాణాన్నీ పట్టుకు వేలాడాడు. మన యయాతి వెయ్యేళ్ళు భోగించి అయినా విసిగి, పూరుడి యౌవనాన్ని పూరుడికి తిరిగిచ్చేశాడు. అతనామిర్‌కు ఆ విసుగు కూడా పుట్టలేదు. అతడు పోయింది 2221లో. సౌరాన్ రాకకు వెయ్యేళ్ళ ముందు!

ఆ తరవాత వైద్యులూ పండితులూ కూడి ఆయుర్దాయం పెంచే విద్య వెతికారు. వారికి పట్టుబడింది శవాలు కుళ్ళకుండా కాపాడే విద్య. బతికినవారి ఇళ్ళను తలదన్నే సమాధులు దేశమంతా లేచాయి. నా మటుకు నాకు ‘అకల్లబేత్’ మొత్తంలో అన్నిటికన్నా భయపెట్టే చోటు ఇది. చివరన లేచే కెరటం దీని ముందు చిన్నదే.

అక్కడి ఆరాధన సంగతి కూడా చెప్పుకోవాలి. ద్వీపం నడుమ మెనెల్టార్మా అనే కొండ ఉంది. శిఖరం మీద గుడి లేదు, బలిపీఠం లేదు. ఏడాదికి మూడుసార్లు జనం తెల్లని బట్టలు కట్టుకుని రాజు వెంట ఎక్కుతారు. రాజు తప్ప అక్కడ ఎవరూ నోరు విప్పరు. ఆ కొండ దారి పాడుపడిన ఎన్నో తరాలకు ఆర్మెనెలోస్ నగరంలో సౌరాన్ గుడి లేచింది. గోడల ఎత్తు 500 అడుగులు, మందం 50 అడుగులు. నిమ్లోత్ అనే తెల్లచెట్టును నరికి తొలి మంట అక్కడే వేశారు, ఆ పిమ్మట మనుషులను. అయితే కొండను ఖాళీ చేసింది సౌరానా? ఖాళీ అయిన చోటు అతనికి దొరికిందా? ఎవరికి వారే ఆలోచించుకోవచ్చు.

సముద్రానికి ఆవలివారి మాట ఎవరూ ఎత్తరు. మొదట మిడిల్ ఎర్త్ తీరాలకు వచ్చిన నావికులు అక్కడివారికి ధాన్యం పండించడం నేర్పారు. ఆరో రాజు తార్-అల్దారియోన్ కాలానికే ఓడల కోసం ఆ తీరపు అడవులు నేలకూలుతున్నాయి. 1800 ప్రాంతం నుంచి అక్కడ వారి అధికార కేంద్రాలు వెలిశాయి, కప్పం మొదలైంది. బళ్ళో మాస్టరుగా వచ్చినవాడు శిస్తు వసూలు చేసే దొరగా మారడం మనకు కొత్త కథేమీ కాదు. ఇందులోనూ సౌరాన్ చెయ్యి లేదు.

ఒక్క విషయంలో టోల్కీన్‌తోనే నాకు పేచీ ఉంది. 2899లో ఇరవయ్యో రాజు ఎల్ఫ్‌ల భాషలో పేరు పెట్టుకునే ఆచారం వదిలి, స్వభాష అయిన అదునాయిక్‌లో ఆర్-అదూనఖోర్ అనే పేరుతో గద్దెనెక్కాడు. కథలో ఇది పతనానికి గుర్తు. జనం మాట్లాడుకునే భాషలో రాజు పేరు పెట్టుకుంటే తప్పా? తెలుగులో రాయడానికే ఇన్ని పాట్లు పడుతున్న నాబోటివాడికి ఇది చదివినప్పుడల్లా చురుక్కుమంటుంది. తరవాత ఆర్-గిమిల్జోర్ ఎల్ఫ్‌ల భాషలను నిషేధించి, మాట్లాడినవారిని శిక్షించడం నేరమే, ఒప్పుకుంటాను. కానీ నిషేధించడం వేరు, తన నుడిలో తాను పేరు పెట్టుకోవడం వేరు. ఇంతకీ, కీడు జరుగుతుందేమోనన్న భయంతో రాజుల పట్టికలో మాత్రం అదూనఖోర్ పేరును పాత భాషలో కూడా రాయించారు!

ధారావాహిక సంగతికి వస్తే, ఎల్ఫ్‌లు వచ్చి మన పనులు లాక్కుంటారని అందులో ఒకడు వీధిలో జనాన్ని రెచ్చగొడతాడు. చావును చూసి ఓర్వలేని జాతిని కూలి కోసం కొట్లాడే గుంపుగా కుదించారు. వారికి ‘సిల్మరిలియన్’ హక్కులు లేవంటారు, నిజమే. అయితే హక్కులున్న ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ అనుబంధంలోనే అతనామిర్ కథ ఉంది. చదవడానికి అడ్డేమిటి?

ముగింపు దగ్గర నా కోపం మరోవైపు తిరుగుతుంది. అమరుల భూమి మీదికి దండెత్తింది ఆర్-ఫారజోన్, అతని సైన్యం. అక్కడ కాలుమోపిన రాజూ యోధులూ కూలిన కొండల కింద కడపటి యుద్ధం దాకా బందీలుగా పడి ఉన్నారు. దండయాత్రతో సంబంధం లేని ఆడవారూ పిల్లలూ ద్వీపంతోపాటు మునిగారు. మన ద్వారకా సముద్రం పాలైంది. కానీ తిక్కన మౌసలపర్వంలో అర్జునుడు ముందే వచ్చి స్త్రీలనూ బాలురనూ వృద్ధులనూ వెంటబెట్టుకుని బయలుదేరతాడు. నూమెనోర్‌కు అర్జునుడు రాలేదు. ఎలెండిల్ తనవారితో తొమ్మిది ఓడల్లో తప్పించుకున్నాడు. సింహాసనాన్నీ, తన ఇష్టంతో పని లేకుండా తననూ ఫారజోన్ లాక్కున్న రాణి మీరియెల్, ఎవరూ ఎక్కడం మానేసిన ఆ కొండ ఎక్కబోయింది. శిఖరం చేరకముందే కెరటం ఆమెను అందుకుంది.