ఏటి అడుగున నున్న సాక్షులు

మూసీనది బాగుపడవలెనని యందఱు ననుచున్నారు. కాని బాగనఁగా గట్టుమీఁది తోటలును దీపములునే యని తలఁచువారితో మాకు పొత్తు కుదరదు.

ఘట్‌కేసరు ప్రాంతమున ప్రతాపసింగారము కడకుఁ బోయి చూడుఁడు. 1908 నాఁటి వఱదకు వెఱచి నగరమున కెగువ ఉస్మాన్‌సాగరు (1920), హిమాయత్‌సాగరు (1927) కట్టిరి. అది తప్పని మేమనము; నగరమునకు రక్షణ కలిగినది, దాహము తీఱినది. అయితే నిర్మలప్రవాహ మచ్చటనే నిలిచిపోవుటచే, వానలు లేని నెలలలో దిగువకు వచ్చునది చాలవఱకు నగరపు మురుగే, శుద్ధిచేసినదియు, చేయనిదియును. దానిని మరల కత్వలు అడ్డగించును. నీరు నిలిచినచోట బురద పేరుకొనును. అది కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును. ఱెక్కలు వచ్చిన పిదప ఒకటిరెండు దినములు మాత్రమే బ్రదుకు సుకుమారపు పురుగులు కొన్ని కలవు. ప్రవాహజలమున నుండు వాని పిల్లలు మొదట నశించును. మిగులునవి సన్నని యెఱ్ఱపురుగులు. మన నెత్తురున కెఱుపునిచ్చు పదార్థమే వానియందును గలదు. అందుచేతనే కొలఁది ప్రాణవాయువుతోఁ గాలము గడపును.

సీసాలో పట్టిన నీరు ఆ గడియ సంగతియే చెప్పును. రాత్రివేళ నెవరైన విషము విడిచినచో తెల్లవాఱుసరికిఁ గొట్టుకొనిపోవును. పాఱిపోలేని యడుగుజీవి మాత్రము నెలల తరబడి యనుభవించి సాక్ష్యము పలుకును. పురుగుల లెక్క యేల యని నవ్వువారలారా! ఆ నీటితోనే దిగువపల్లెలలో వరి పండుచున్నది, పశువుల గడ్డి పెరుగుచున్నది. ఆ పాలు నగరమునకే వచ్చుచున్నవి. గట్టునకు ఱాయి పఱచుటకు ముందు, అడుగునుండి చేటెడు బురద యెత్తి, జల్లెడపట్టి, ఏమేమి బ్రతికియున్నవో లెక్కించి ఊరివారికిఁ దెలుపుఁడు. ఏటేట నీ పని చేయుటకు మన కళాశాలలలో జీవశాస్త్రము చదువు పిల్లలు చాలరా?